ఇక్కడ మందుపాతర లేదని ఎవరు చెప్పాలి?

మందుపాతర అనగానే తెలుగు పాఠకులలో చాలామందికి అలిపిరి గుర్తొస్తుంది. 2003 అక్టోబరు 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తిరుమల వెళ్తుండగా అక్కడ పేలిన క్లెమోర్ మైన్లను ఎవరో మాటువేసి, వాహనం దగ్గరికి రాగానే మీట నొక్కి పేల్చారు. అలాంటి పాతరకు ఒక మనిషి కావాలి, గురి కావాలి, అదను కావాలి. యుద్ధాలు జరిగిన దేశాల్లో పొలాల కింద, బాటల పక్కన, వంతెనల మొదట్లో పడి ఉన్నవి ఈ తరహావి కావు. వాటిని పాతినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. తొక్కినవాళ్ళే వాటిని పేల్చుకుంటారు. సోవియట్ యూనియన్ భారీగా తయారుచేసి ఎన్నో దేశాలకు పంపిన పీఎంఎన్ అనే రకాన్ని చూడండి: అరచేతి వెడల్పున్న గుండ్రటి బేకలైట్ డబ్బా, పైన నల్ల రబ్బరు మూత, లోపల 240 గ్రాముల టీఎన్‌టీ. మూడు నాలుగేళ్ళ పిల్ల దాని మీద కాలు మోపినా చాలు, లోపల స్ప్రింగు విడివడి సూది వెళ్ళి డిటోనేటర్‌ను గుద్దుతుంది. తొక్కింది సైనికుడా, పశువుల కాపరా, సంధి కుదిరి ఎన్నేళ్ళయింది అన్నవి దానికి పట్టవు. 2023లో మందుపాతరలు, యుద్ధాలు మిగిల్చిన ఇతర పేలుడు వస్తువుల వల్ల చనిపోయినవారు, గాయపడినవారు కలిపి ప్రపంచంలో కనీసం 5,757 మంది. వారిలో ఎవరెవరో తెలిసినవారిని లెక్కవేస్తే నూటికి 84 మంది సాధారణ పౌరులు.

ఈ పాతరలను తీసే పని గురించి చదివేటప్పుడు మన చూపు ఒకే అంకె మీద పడుతుంది: ఎన్ని తీశారు? సంస్థల నివేదికలూ దాన్నే ముందు పెడతాయి. ఆ అంకె పనిని తప్పుగా కొలుస్తుందని నా వాదన. యుద్ధం వెళ్ళిపోయిన ఊరికి కావలసింది తీసిన డబ్బాల లెక్క కాదు. ఈ చేలో పాతర లేదు, దున్నుకోవచ్చు అన్న మాట కావాలి, ఆ మాటను నమ్మడానికి ఆధారం కావాలి. ఉన్నదాన్ని కనిపెట్టడం కష్టమే, కానీ లేదని తేల్చడం అంతకన్నా చాలా కష్టం. నూరెకరాల్లో ఎక్కడో ఒక్కటి ఉందన్న అనుమానం చాలు, నూరెకరాలూ బీడు పడతాయి. ఈ పనిలో డబ్బు, కాలం, ఓపిక, శాస్త్రం దాదాపుగా అన్నీ ఆ ‘లేదు’ అన్న మాటను సంపాదించడానికే ఖర్చవుతాయి. దీన్ని ఒప్పుకుంటే ఏ పని ముందు చెయ్యాలో, ఎవరి మాట వినాలో, దేన్ని విజయమనాలో, అన్నీ మారతాయి.

కంబోడియాను చూద్దాం. 1979లో వియత్నాం సేనలు ఖ్మేర్ రూజ్ ప్రభుత్వాన్ని కూలదోశాక, ఓడినవాళ్ళు థాయిలాండ్ సరిహద్దుకు చేరి పోరు సాగించారు. వాళ్ళు లోపలికి రాకుండా వియత్నాం పక్షంవాళ్ళు 1980ల నడుమ సరిహద్దు పొడవునా వందల కిలోమీటర్ల మేర మందుపాతరల పట్టీ వేశారు. కే-5 అని దానికి పేరు. తిరుగుబాటు దళాలూ తమ వంతు తాము పాతాయి. ఒకే గుట్ట, ఒకే బాట చేతులు మారిన ప్రతిసారీ నేలలో కొత్త పొర చేరింది. 1991 అక్టోబరు 23న పారిస్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. సరిహద్దు శిబిరాల నుంచి 3,60,000 మందికి పైగా శరణార్థులను వెనక్కి తెచ్చేటప్పుడు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కుటుంబానికి రెండు హెక్టార్లు, అంటే దాదాపు ఐదెకరాలు ఇస్తామని మొదట చెప్పింది. తీరా చూస్తే పాతరల భయం లేని భూమి అంత దొరకలేదు. చివరికి ఎక్కువమంది పెద్దలకు 50 డాలర్లు, పిల్లలకు 25 డాలర్లు చొప్పున నగదు తీసుకుని వెళ్ళారు. భూమి లేని రైతు ఎక్కడికి పోతాడు? ఎవరూ దున్నని చోటికే పోతాడు. 1996 ఒక్క ఏడాదిలోనే ఆ దేశంలో 4,320 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. వాళ్ళకు ప్రమాదం తెలియక కాదు. ఆకలి ఖాయం, పాతర అనుమానం. ఆ రెండింట్లో జనం అనుమానాన్నే ఎంచుకున్నారు.

అలాంటి నేల మీద తొలగింపు ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి, లేకపోతే ఆ ‘లేదు’ అన్న మాట ఎంత ఖరీదైనదో తెలియదు. పనివాడి ముందు మీటరు వెడల్పున్న ఒక బాట ఉంటుంది. ముఖానికి గట్టి ప్లాస్టిక్ కవచం, ఛాతీకి, పొట్టకి పేలుడు తాకిడిని ఆపే తొడుగు. పొద్దున్నే డిటెక్టర్‌ను తెలిసిన లోహపు ముక్క మీద ఆడించి, అది సరిగా మోగుతోందని రుజువు చేసుకున్నాకే బాటలోకి దిగుతాడు. మొదట సన్నటి పుల్లను గడ్డిలోంచి మెల్లగా పైకి లేపుతూ, కాలికి తగిలి పేలే తీగ ఏదైనా ఉందేమో చూస్తాడు. తరవాత గడ్డిని, పొదలను కత్తెరతో కొద్దికొద్దిగా కోస్తాడు. ఆ తరవాతే డిటెక్టర్ తిప్పుతాడు. అది మోగిందా, మోగిన చోట గుర్తు పెట్టి, దానికి కాస్త ఇవతలి నుంచి తవ్వడం మొదలుపెడతాడు. పైనుంచి గుచ్చితే మూత మీద ఒత్తిడి పడుతుంది కనుక సన్నటి ఊచను ఏటవాలుగా పోనిచ్చి, పాతరను పక్కవైపు నుంచి తాకాలని చూస్తాడు. ఇంత చేసి తవ్వితే బయటపడేది చాలాసార్లు తుప్పుపట్టిన మేకు, తూటా గొట్టం, సారా సీసా మూత. మళ్ళీ డిటెక్టర్ తిప్పాలి. ఇలా ఒక మనిషి రోజంతా కష్టపడితే తేలేది మామూలుగా పది నుంచి యాభై చదరపు మీటర్లు. మన లెక్కలో ఒక సెంటు పూర్తయితే ఆ రోజు పని బాగా సాగినట్టే.

మేకుకీ పాతరకీ తేడా తెలియని పరికరాన్ని ఎందుకు వాడుతున్నారని అడగవచ్చు. డిటెక్టర్ చుట్టలో పుట్టిన అయస్కాంత క్షేత్రం నేలలోని లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహాలను రేపుతుంది, వాటి ప్రతిస్పందనను పరికరం పసిగడుతుంది. అంటే అది వెతికేది లోహాన్ని, పేలుడు పదార్థాన్ని కాదు. కొన్ని ప్లాస్టిక్ పాతరల్లో లోహం సూది మొన అంతే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే పరికరాన్ని అతి సున్నితంగా పెట్టాలి, అలా పెడితే యుద్ధభూమిలోని ప్రతి తుక్కూ మోగుతుంది. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలలో మట్టే మోగుతుంది. కంబోడియాలో 1992 మార్చి నుంచి 1998 అక్టోబరు వరకు తవ్వి తీసిన వస్తువులు దాదాపు 20 కోట్లు. వాటిలో మందుపాతరలు, ఇతర పేలుడు వస్తువులు కలిపి సుమారు 5 లక్షలు. నాలుగు వందల సార్లు ప్రాణం ఉగ్గబట్టి తవ్వితే ఒక్కసారి నిజం. మిగతా 399 సార్లు చేసిన పని వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రైతుకు భూమిని తిరిగి ఇచ్చింది ఆ 399 సార్లు చేసిన తవ్వకమే.

అపోపో అనే సంస్థ టాంజానియాలోని మొరోగోరోలో పెంచి తర్ఫీదిచ్చే ఆఫ్రికా పెద్ద ఎలుకల కథనూ ఈ కంటితోనే చదవాలి. ఇవి లోహాన్ని పట్టించుకోవు, టీఎన్‌టీ వాసన పసిగడతాయి. కిలో పైచిలుకు బరువే కనుక పాతర మీద నడిచినా అది పేలదు. మగావా అనే ఎలుక కంబోడియాలో పనిచేసి 2020లో బ్రిటన్ జంతు సంక్షేమ సంస్థ పీడీఎస్‌ఏ నుంచి బంగారు పతకం అందుకుంది. అది వందకు పైగా పాతరలు, పేలుడు వస్తువులు కనిపెట్టిందని పత్రికలన్నీ రాశాయి. అదే కథలో ఇంకో అంకె ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు: అది వెతికిన నేల 2,25,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 55 ఎకరాలు. మగావా చేసిన అసలు ఉపకారం ఆ వంద చోట్లను వదిలేస్తే మిగిలే 55 ఎకరాల్లో ఏమీ లేదని చెప్పడం. డిటెక్టర్‌తో మనిషికి రోజుల తరబడి పట్టే టెన్నిస్ కోర్టంత నేలను ఎలుక అరగంటలో చూసేస్తుంది. తుక్కును చూసి ఆగదు కనుకే ఆ వేగం.

అయినా ఎలుకనో డిటెక్టర్‌నో అనుమానం ఉన్న ప్రతి అడుగు మీదా నడిపించాలనుకుంటే తరాలు పడుతుంది. 2000 ప్రాంతంలో చేసిన సర్వేలు చాలాచోట్ల ఈ ఉచ్చులో పడ్డాయి. భయం ఉన్న నేలనంతా పాతరలున్న నేలగా పటాల్లో ఎక్కించాయి. కంబోడియాలో 2002 నాటి సర్వే సుమారు 4,500 చదరపు కిలోమీటర్లను అనుమానాస్పదమని రాసింది. మొజాంబిక్‌లో 2001 నాటి సర్వే 500 చదరపు కిలోమీటర్లకు పైగా చూపించింది. 2007-08లో మందుపాతరలు తొలగించే హ్యాలో ట్రస్ట్ సిబ్బంది ఆ దేశపు దక్షిణ, మధ్య భాగాల్లోని ఆరు ప్రావిన్సులను మళ్ళీ తిరిగారు. ఈసారి వాళ్ళు భయం ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. ఎవరు చూశారు, ఎప్పుడు పేలింది, ఏ గొడ్డు చచ్చింది, ఇక్కడ మకాం వేసిన సైన్యం ఏది, ఈ పక్క ఎన్నేళ్ళుగా సాగు జరుగుతోంది, ఇలా ఒక్కో చోటినీ విచారించి, సరిహద్దులు నడిచి చూశారు. ఆ ఆరు ప్రావిన్సుల్లో తేలినది 12 చదరపు కిలోమీటర్ల చిల్లర. నడుమ కొంత శుభ్రం చేసి ఉన్నా, ఆ తేడాలో పెద్ద భాగం మాత్రం పలుగు పార పట్టకుండా, ప్రశ్నలు అడిగి గెలిచిన నేల. 2015 సెప్టెంబరు 17న మొజాంబిక్ తన గడ్డ మీద తెలిసిన మందుపాతరలేవీ మిగల్లేదని ప్రకటించింది. అంతర్యుద్ధం ఆగిన 1992లో వందేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదనుకున్న పని అది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఊరివాళ్ళ మాట విని నేలను వదిలేస్తే, రేపు అక్కడ ఒకరి కాలు పోతే ఎవరు జవాబు చెప్తారు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. మొజాంబిక్‌లో ఆ లెక్క తేలాక కూడా కొత్త పాతరల చోట్లు బయటపడ్డాయి. అయితే సర్వే అంటే వినికిడి మాట కాదు. ఆసుపత్రి రికార్డులు, మాజీ సైనికుల వాంగ్మూలాలు, ఏళ్ళ తరబడి దున్నిన ఆనవాళ్ళు కలిసి ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే అనుమానపు చోట కొన్ని బాటలు కోసి నేలనే అడుగుతారు. ఆ బాటల్లో పాతర తగిలితే అక్కడినుంచి పూర్తి తొలగింపు మొదలవుతుంది. పైగా అతి జాగ్రత్తకు కూడా ప్రాణాల ఖర్చు ఉంది, అది మన కంటికి కనపడకుండా ఇంకోచోట పడుతుంది. పాతర లేని చేలో ఒక బృందం ఆరు నెలలు గడిపితే, ఉన్న చేలో ఆ ఆరు నెలలూ జనం తిరుగుతూనే ఉంటారు. కాబట్టి తప్పే జరగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇవ్వాల్సిన హామీ వేరు: అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో ఊళ్ళో అందరికీ తెలియాలి, చెప్పిన వెంటనే మనుషులు రావాలి. మొజాంబిక్‌లో జిల్లా పూర్తయిందనే ముందు ఊరూరా తిరిగి, మీరు అడుగు పెట్టని చోటు ఇంకా ఏదైనా ఉందా అని అడిగి, ఊరి పెద్దలతో సంతకం చేయించుకున్నది అందుకే.

రెండో అభ్యంతరం లెక్కలవాళ్ళది. కంబోడియాలో ఇప్పుడు ఏటా ప్రమాదాల పాలయ్యేవారు వందకు లోపే, 2023లో 32 మంది. అదే డబ్బు మలేరియాకో మంచినీళ్ళకో పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కవా? ప్రమాదాల సంఖ్యే కొలమానమైతే ఈ మాటకు బలం ఉంది. కానీ ప్రమాదాలు తగ్గడానికి తొలగింపుతో పాటు యుద్ధం ముగియడం, జనానికి అవగాహన పెరగడం, భయపడి ఆ వైపు పోకపోవడం అన్నీ కారణాలే. పోకపోవడం అంటే ఆ భూమి రైతుకు లేనట్టే. పైగా వాడకం మారితే పాత నేల కొత్తగా ప్రాణం తీస్తుంది. వాహనాలను పేల్చే పెద్ద పాతరలు మనిషి నడిస్తే పేలవు, ఎడ్ల నాగలి కింద కూడా కొన్నేళ్ళు మౌనంగా పడి ఉంటాయి. కంబోడియా వాయవ్యాన కర్రపెండలం సాగు పెరిగి ట్రాక్టర్లు వచ్చాక అవి పేలడం మొదలైంది. 2010 నవంబరులో బట్టంబాంగ్ ప్రావిన్సులో మిరప చేలో కూలి ముగించుకుని ట్రాక్టర్ బండి మీద ఇళ్ళకు వస్తున్న 14 మంది అలాంటి ఒక్క పాతరకు బలయ్యారు. పాతర మీద అంతకుముందు ఎంతమంది నడిచి వెళ్ళారో లెక్కలేదు.

ఆ అభ్యంతరంలో ఒక భాగాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను: ఏ నేలను ముందు తేల్చాలన్నది దయతో కాక లెక్కతో నిర్ణయించాలి. జార్జియో కియోవెల్లి, స్టెలియోస్ మికలోపులోస్, ఎలియాస్ పపాయియన్ను అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మొజాంబిక్‌లో పాతరలు తీసిన చోట్లను, ఉపగ్రహాలకు రాత్రిపూట కనిపించే దీపాల వెలుగుతో పోల్చి చూశారు. రోడ్లు, రైలు మార్గాలు, సంతలు కలిసే చోట్లను శుభ్రం చేసినప్పుడు లాభం ఆ చోటికే ఆగలేదు, ఆ దారితో ముడిపడిన దూరపు ప్రాంతాలకూ పాకింది. మొదటి ఏళ్ళలో ఎవరికి తోచిన మూల వాళ్ళు పనిచేయడం వల్ల ఆ లాభం ఆలస్యమైంది. లోయలోని పాతరలకన్నా వంతెన కింది పాతరలు ఎక్కువమంది బతుకును కట్టేస్తాయి. భూమి ఎవరి చేతికి వెళ్తుందన్నదీ ఈ లెక్కలో భాగమే. కంబోడియాలో తొలి రోజుల్లో శుభ్రమైన భూమి విలువ పెరగగానే పలుకుబడి ఉన్నవాళ్ళు దాన్ని ఆక్రమించిన ఉదంతాలు చాలా ఉన్నాయి. 1999 నుంచి ప్రావిన్సు స్థాయిలో, ఏ నేలను ఎవరికోసం శుభ్రం చెయ్యాలో పని మొదలవకముందే తేల్చే కమిటీలను పెట్టింది అందుకే. పేదవాడు భయపడి వదిలేసిన చేను, భయం పోగానే పెద్దమనిషి పేరు మీదికి మారితే ఆ తొలగింపు ఎవరికి మేలు చేసినట్టు?

మూడో అభ్యంతరం సైన్యాల నుంచి వస్తుంది, ఈమధ్య దాని గొంతు పెరిగింది. మనుషులను చంపే మందుపాతరలను నిషేధిస్తూ 1997 డిసెంబరులో ఒట్టావాలో సంతకాలైన ఒప్పందం నుంచి తప్పుకోవాలని 2025లో ఫిన్లాండ్, పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు నిర్ణయించాయి. రష్యాను ఆనుకుని ఉన్న దేశాల భయం అర్థం చేసుకోదగ్గదే. మనతో సహా ఒప్పందంలో చేరని దేశాలు చెప్పే మాట కూడా ఇదే: క్రమశిక్షణ గల సైన్యం పటం గీసి, కంచె వేసి పాతుతుంది, తరవాత తీసేస్తుంది. కానీ పటం గీసిన నేల గీసినట్టు ఉండదు. 2014 మేలో బోస్నియాలో వరదలు పాతరలనూ, హెచ్చరిక బోర్డులనూ కలిపి కొట్టుకుపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు డెన్మార్క్ తీరంలోని స్కాలింగెన్ ఇసుక మేటల్లో పాతినవి పూర్తిగా తేలడానికి 2012 దాకా పట్టింది. అది సంపన్న దేశం, శాంతి నెలకొన్న దేశం. 2001-02లో ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో మన సైన్యం పడమటి సరిహద్దులో పాతిన వాటిని తిరిగి తీయడంలోనూ మన సైనికులే చనిపోయారు. పాతేటప్పుడు అయ్యే ఖర్చులో, ఇరవై ఏళ్ళ తరవాత ‘లేదు’ అని చెప్పడానికి అయ్యే ఖర్చును ఏ సైన్యమూ కలపదు. కలిపితే ఆ ఆయుధం చవక అన్న మాట నిలబడదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో తాము బాంబులు అమర్చామని, అటు రావద్దని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ఆదివాసులను హెచ్చరించారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం వెళ్ళిన ఒకరు మందుపాతర పేలి మరణించారు. తునికాకు, ఇప్పపువ్వు, కట్టెలు అన్నీ ఆ గుట్టల మీదివే. పోలీసులు బయటపడ్డ ప్రెషర్ బాంబులను నిర్వీర్యం చేస్తున్నారు, వార్తల్లో వాటి సంఖ్య వస్తోంది. అడవికి వెళ్ళాల్సిన ఆదివాసీకి కావలసింది ఏ గుట్ట, ఏ కాలిబాట ఇప్పుడు భయం లేనిదో చెప్పే పటం. అది గీయడానికి కంబోడియాకు దొరకని అవకాశం ఒకటి ఇక్కడ ఉంది. 2025లో వందల మంది మావోయిస్టులు తెలంగాణ పోలీసుల ఎదుట లొంగిపోయారు. ఎక్కడ పాతారో, ఎలా అమర్చారో తెలిసినవాళ్ళు వాళ్ళలో ఉండవచ్చు. వాళ్ళ జ్ఞాపకాన్ని కేసుల కోసం కాక నేల కోసం అడిగి, బాట బాటకీ రాసుకుని, గ్రామసభల్లో చదివి వినిపించి, ఊరివాళ్ళు చెప్పే చోట్లను దానికి చేర్చే పని ఇప్పుడే మొదలవ్వాలి. ఇంకో రెండు మూడు వానాకాలాలు గడిస్తే మట్టి కదులుతుంది, గుర్తులు చెరిగిపోతాయి, చెప్పగలిగినవాళ్ళు తలో దిక్కూ వెళ్ళిపోతారు.